కొత్త బండి ఆగితే ఎవరిని అడగాలె

 

శ్రీనగర్ నుంచి కన్యాకుమారి దాక పోయే 44వ నంబరు జాతీయ రహదారి ఆదిలాబాద్ జిల్లాల మా ఇచ్చోడ మీదికెళ్లే పోతది. మా దిక్కు పెద్దోళ్లు దాన్ని ఇంకా ఏడో నంబరు రోడ్డు అనే అంటరు. ఈ రోడ్డు మీద మేము చూడని బండి లేదు. పంజాబ్ లారీలు, కాశ్మీర్ ఆపిల్ బండ్లు, గాలిమర రెక్కలు మోసుకపోయే పొడుగు ట్రైలర్లు. ఎప్పుడన్న ఒకసారి బస్సంత బండి వచ్చి దాబా కాడ ఆగుతది. కిటికీలకు పరదలు, పైకప్పు మీద సోలార్ పలకలు. లోపల మంచం, పొయ్యి, ఫ్రిజ్, స్నానాల గది. మోటార్ హోమ్ అంటరు దాన్ని, మన దేశంల ఎక్కువమంది కారవాన్ అంటరు. దాని చుట్టూ మూగి చూసే పిల్లలతోటి పెద్దలు సుత ఉంటరు, అందుల సిగ్గేం లేదు.

మన దిక్కు ఇండ్లు కదలడం కొత్త కాదు. పుష్య అమావాస్యకు కేస్లాపూర్‌ల నాగోబా జాతర అయితది. ఎడ్లబండ్లు కట్టుకుని, పిల్లజెల్లలతోటి, తిండిగింజలతోటి, గిన్నెలతోటి మెస్రం వంశమోళ్లు వచ్చి మర్రిచెట్ల కింద దిగుతరు. బండే అర్ర, బండి కిందనే నీడ. ఇప్పుడు ట్రాక్టర్ ట్రాలీ మీద కర్రలు వంచి టార్పాలిన్ కట్టి, లోపల గడ్డి పరిచి పోయేటోళ్లు సుత ఉన్నరు. ఆ ఎడ్లబండికి ఒక సుఖముండె. కర్ర పని ఊరి వడ్లాయనది, చక్రం మీద ఇనుప పట్టా కమ్మరాయనది. ఇరుసు ఇరిగితే ఇద్దరి ఇండ్లూ అక్కడనే, పొద్దుగూకే లోపల తప్పు ఎవరిదో తేలుతుండె. ఇప్పటి బండికి చెయ్యి పెట్టినోళ్లు ఎందరో, అందుల ఒక్కరు సుత మన ఊరోళ్లు కారు. బండి ఎంత ఖరీదైతే చేతులు అన్ని ఎక్కువ, అంత దూరం. లక్షలు పోసి తెచ్చిన కొత్త బండిల లోపం బయటపడితే ఆ దూరపు చేతులను ఎట్ల పట్టుకోవాలె? ఇయ్యాల నేను మాట్లాడేది దాని మీద.

ముందుగాల మోటార్ హోమ్ సంగతే చూద్దాం. ఈ కిరికిరి అన్నిటికన్న బాగ కనబడేది అందులనే. అమెరికాల ఉన్న మన పిల్లలు సెలవులకు దాన్ని కిరాయికి తీసుకుని ఎల్లోస్టోన్, గ్రాండ్ కాన్యన్ దాక పోతుంటరు. కొనేటోళ్లు సుత ఉన్నరు. పెద్ద బండి అయితే లక్ష డాలర్లు దాటి రెండు లక్షలు, మూడు లక్షలు పలుకుతది. అంత పెట్టినంక లోపం ఉండదనుకుంటం కదా. ఉంటది. ఇల్లు కదలకుండ ఉండాలెనని కడుతరు, బండి కదలాలెనని చేస్తరు. రెండింటినీ ఒకటి చేసి గంటకు నూరు కిలోమీటర్ల మీద ఉరికిస్తే ప్రతి అతుకూ కొట్టుకుంటది. పైకప్పు అతుకుల నుంచి వాన నీళ్లు దిగుతయి. ఆ నీళ్లు వెంటనే కనబడయి, గోడ లోపల ప్లైవుడ్‌ను కుళ్లబెట్టినంక మరక బయటికి వస్తది. బండి ఆపినంక గోడతోటి సహా బయటికి జరిగే గదులుంటయి, అవి సగంల ఇరుక్కుంటయి. అల్మారా తలుపులు మూలమలుపుల్ల తెరుసుకుంటయి. నీళ్ల పంపు, గ్యాస్ పొయ్యి, వైర్లు, ఒక్కొక్కటి ఒక్కొక్క నెలల మొరాయిస్తయి.

అమెరికాల ఈ బండ్లు ఎక్కువగ తయారయ్యేది ఇండియానా రాష్ట్రంల ఎల్కార్ట్ అనే ఊరి చుట్టుపక్కల. కరోనా కాలంల విమానాలు, హోటళ్లు వద్దనుకున్న జనం వీటి మీద పడ్డరు. 2021ల ఆ దేశపు ఫ్యాక్టరీల నుంచి, కారు వెనక కట్టుకుని లాక్కపోయే రకాలతోటి కలిపి, ఆరు లక్షల పైచిలుకు బండ్లు బయటికి వచ్చినయి. అంతకుముందు ఎన్నడూ అన్ని రాలేదు. తొందరపడి బిగించిన మరలు ఎట్లుంటయో వెల్డింగ్ దుకాణం పెట్టుకున్న ఎవలనడిగినా చెప్తరు.

అసలు తిప్పలు లోపం వచ్చినంక మొదలైతది. కింది చాసిస్ ఫోర్డ్‌దో ఫ్రైట్‌లైనర్‌దో, ఇంజను కమిన్స్‌ది కావచ్చు. పైన ఇల్లు కట్టింది ఇంకో కంపెనీ. ఫ్రిజ్ ఒకరిది, జనరేటర్ ఒకరిది, టైర్లు ఇంకొకరివి. ఎవరి వారంటీ వాళ్లదే. నడుస్తుంటే బండి ఒక దిక్కు గుంజుతున్నది అంటే చాసిస్ వాళ్లు ఇల్లు కట్టినోళ్లు బరువు సరిగ్గ సర్దలేదంటరు, ఇల్లు కట్టినోళ్లు చాసిస్ వాళ్ల దగ్గరికి పొమ్మంటరు. చట్టం సుత బండిని రెండు ముక్కలు చేసింది. కాలిఫోర్నియాల లోపం ఉన్న కొత్త వాహనం గురించి గట్టి చట్టం ఉన్నది, వాళ్లు లెమన్ లా అంటరు. పదే పదే బాగుచేసినా బాగుకాకపోతే కంపెనీ బండిని వెనకకు తీసుకోవాలె. మోటార్ హోమ్‌కు వచ్చేసరికి, బండిని నడిపించే భాగమే ఆ చట్టం కింద కొత్త వాహనం. మనుషులు పండుకునే, వండుకునే భాగం అందుల రాదు, దానికి వేరే దారి పట్టాలె. అంటే ఇంజను చెడిపోతే ఒక న్యాయం, నెత్తి మీద కప్పు కురిస్తే ఇంకో న్యాయం.

మన దేశంల ఈ బండ్లు తక్కువ. కేరళ ప్రభుత్వం 2021ల కారవాన్ టూరిజం మొదలుపెట్టింది. ఇండ్లబండి ఎట్లుండాలె అన్నదానికి ఏఐఎస్-124 అని ఒక ప్రమాణం సుత ఉన్నది. కాని పద్ధతి అదే, చాసిస్ ఒక కంపెనీది, పైన కట్టేది ఇంకో వర్క్‌షాపు. ఇచ్చోడల కారవాన్ కొన్నోళ్లు నాకు తెల్వదు. కాని ఇదే పద్ధతిల తయారైన బండ్లు మన వాకిండ్లల్ల నిలబడి ఉన్నయి. చాసిస్ తెచ్చి డబ్బా కట్టించిన డీసీఎం చూడుండ్రి, స్కూలు బస్సు చూడుండ్రి. అన్నిటికన్న ఎక్కువ, మన ట్రాక్టర్ చూడుండ్రి.

ట్రాక్టర్ అంటే ఒక్క వస్తువు అనుకుంటం. వారంటీ పుస్తకం తీసి చదివితే తెలుస్తది. బ్యాటరీ మా పూచీ కాదు, బ్యాటరీ కంపెనీని అడుగు అని ఉంటది. టైర్లకు టైర్ కంపెనీ. చాలా పుస్తకాలల్ల డీజిల్ పంపు సుత దాన్ని చేసినోళ్ల మీదనే ఉంటది. ఇగ ట్రాలీ అయితే నిర్మల్‌లనో ఆదిలాబాద్‌లనో ఒక వెల్డింగ్ షెడ్డుల కట్టించింది, దానికి చాలాసార్లు సరైన బిల్లే ఉండది. లిఫ్ట్ దిగజారితే డీలరు నువ్వు పెద్ద రోటవేటర్ తగిలించినవ్ అంటడు. హుక్కు కాడ ఇరిగితే ట్రాలీ బరువు ఎక్కువైంది అంటడు. ట్రాలీ ఆయనేమో ట్రాక్టర్ హుక్కే పనికిరానిది అంటడు. అమెరికాల లక్షల డాలర్ల బండి కొన్నాయన పడే గోస, ఎనిమిది తొమ్మిది లక్షల ట్రాక్టర్ కొన్న మన రైతు గోస ఒక్కటే. తేడా ఏందంటే ఆయన బండి ఆగితే సెలవులు పోతయి, మన బండి ఆగితే మిరుగం పోతది.

అందుకే మొదటి పని షోరూంలనే మొదలైతది. నాగోబా పూజకు కుండలు సిరికొండ కుమ్మర్లు చేస్తరు. కుండ కొనేటప్పుడు మనం వేలితోటి తట్టి సప్పుడు ఇనకుండ చేతుల పట్టం. ట్రాక్టర్ కాడ మాత్రం దసరా నాడు ముహూర్తం పెట్టుకుని, పూలదండ వేసి, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టి, ఫొటో దిగి తీసుకొస్తం. ముహూర్తం మీద నాకు కోపం లేదు. పండుగ దినం ఒకేసారి పదిమందికి డెలివరీ ఇచ్చే మెకానిక్‌కు ఏ బండిని చూసే తీరిక ఉంటది చెప్పండ్రి? ఒక దినం ముందుగాల పోండ్రి, పొద్దున పూట పోండ్రి. ఇంజను చల్లగ ఉన్నప్పుడు మీ ముందరనే స్టార్ట్ చెయ్యమనండ్రి. వేడి ఇంజను ఏదైనా ఒక్క సెల్ఫ్‌కు లేస్తది. లిఫ్ట్‌కు బరువు తగిలించి పైకి లేపి, చాయ తాగి వచ్చినంక చూడుండ్రి, అది అక్కడనే ఉందా కిందికి జారిందా. కింద అట్టముక్క పరిచి నూనె చుక్క పడుతున్నదా చూడుండ్రి. ఇంజన్ నంబరు, చాసిస్ నంబరు బిల్లు మీద, ఇన్సూరెన్స్ కాయితం మీద ఒక్కటేనా? తయారైన నెల ఏది? ఏడాది కింద తయారై ఎండల నిలబడ్డ బండిని కొత్తది అని ఇస్తున్నరా? అవర్ మీటర్ల ఎన్ని గంటలున్నయి? బ్యాటరీ నంబరు, టైర్ల నంబర్లు బిల్లు మీద రాయించి, వాటి వారంటీ కార్డుల మీద డీలరు ముద్ర వేయించుకోండ్రి. ఇంటికి వచ్చినంక అడిగితే ఆ ముద్ర దొరుకుడు కష్టం.

కారవాన్ కొనేటోళ్లకైతే అమెరికాల అనుభవమున్నోళ్లు ఒక మంచి మాట చెప్తరు. పైసలన్నీ కట్టకముందే పైకప్పు మీద పైపుతోటి చాలాసేపు నీళ్లు కొట్టిచూడు, పొయ్యి, ఏసీ, పంపు అన్నీ ఒకేసారి నడిపించు, వీలైతే ఒక రాత్రి డీలరు ఆవరణలనే అందుల పండుకో అని. తెల్లారేసరికి ఏది పని చేస్తదో ఏది చెయ్యదో తెలుస్తది, బాగుచేసేటోడు ఎదురుంగనే ఉంటడు. మన ట్రాక్టర్‌ల పండుకునేది లేదు గని, ఆ ఉపాయం మనకూ పనికొస్తది. చివరి పైస చేతుల ఉన్నంత సేపే మన మాటకు ఇలువ.

డెలివరీ నాడు ఒక కాయితం మీద సంతకం పెట్టిస్తరు. బండి మంచి స్థితిల ముట్టింది అని అందుల ఉంటది. చదువు రానోళ్లు చదివించుకోండ్రి. లోపం ఏదన్న కనబడితే ఆ కాయితం మీదనే చేతిరాతతోటి రాసి సంతకం పెట్టండ్రి. షోరూంల పిలగాడు జర మొఖం మాడ్చుకుంటడు. మాడ్చుకోనియ్యండ్రి.

ఇంతచేసినా లోపం వస్తది అనుకుందాం. మిరుగం ముంగట కొన్న బండి, రెండో వారంల నల్లపొగ కొడుతున్నది, క్లచ్ జారుతున్నది. ఫోన్ చేస్తం. మెకానిక్ వస్తడు, ఏదో తిప్పుతడు, ఓకే అన్న, నడిపించు అంటడు, పోతడు. మళ్లా వారానికి అదే. మళ్లా వస్తడు. నాలుగైదుసార్లు అయినంక మనం లొల్లి పెడితే, డీలరు పుస్తకం తీసి, నువ్వు ఒక్కసారే వచ్చినవ్ కదా, ఇగో చూడు అంటడు. ఆయన అబద్ధం చెప్తలేడు, ఆయన పుస్తకంల అంతే ఉన్నది. మనం నోటితోటి చెప్పిన నాలుగుసార్లు ఎక్కడా లెవ్వు. అందుకే ప్రతిసారి జాబ్ కార్డు రాయించాలె. తేదీ, అవర్ మీటర్ మీద గంటలు, మనం చెప్పిన లోపం మన మాటలల్ల, వాళ్లు చేసిన పని. జనరల్ చెకప్ అని రాస్తే ఒప్పుకోవద్దు. నల్లపొగ అయితే నల్లపొగ అనే రాయాలె. ఒక నకలు మన దగ్గర ఉండాలె. ఇంటికొచ్చి బాగుచేసినా అంతే, ఫీల్డ్ సర్వీస్ కాయితం అడగండ్రి. పొగ కొట్టేటప్పుడు, లిఫ్ట్ జారేటప్పుడు ఫోన్ల వీడియో తీసి పెట్టండ్రి, అవర్ మీటర్ అందుల కనబడేటట్టు.

ఇంకో రెండు తప్పులు మన దిక్కు బాగ జరుగుతయి. విత్తనం టైం దాటిపోతున్నదని బయటి మెకానిక్ దగ్గర ఇంజను ఇప్పించుడు ఒకటి. ఆయన మంచి పనోడే కావచ్చు, కాని ఇప్పిన క్షణం నుంచి లోపం ఫ్యాక్టరీదా బయటి చెయ్యిదా అన్నది తేల్చుడు ఎవరి తరం కాదు, వారంటీ సుత అక్కడనే ముగుస్తది. కిరాయికి వేరే ట్రాక్టర్ పెట్టి దున్నించండ్రి, ఆ కిరాయికి రసీదు తీసుకోండ్రి, నష్టం అడిగేటప్పుడు ఆ రసీదు మాట్లాడుతది. రెండోది కోపంతోటి కిస్తీ ఆపుడు. బండి నడుస్తలేదు, కిస్తీ ఎందుకు కట్టాలె అని మనకు అనిపిస్తది, న్యాయంగనే అనిపిస్తది. కాని అప్పు ఇచ్చినోళ్లతోటి మన ఒప్పందం వేరు. బండి చెడ్డది అని వాళ్లు ఆగరు. వచ్చి బండి తీసుకపోతరు, అప్పుడు లోపం చూపియ్యనీకి మన దగ్గర బండే ఉండది. ఇన్సూరెన్స్ గురించి సుత అడుగుతుంటరు. మామూలు మోటారు ఇన్సూరెన్స్ ప్రమాదానికి, దొంగతనానికి. బండి దానంతట అది చెడిపోతే అది వర్తించది.

సర్వీసుల సంగతి ఒక్క మాట. మొదటి ఉచిత సర్వీసు ఎన్ని గంటలకు చేయించాలెనో పుస్తకంల ఉంటది. ఆ గంటలు దాటితే కంపెనీ మొదటి జవాబు అదే అయితది.

డీలరు కాడ పని కాకపోతే కంపెనీకే రాయాలె. ఒక పేజీ చాలు. బండి నంబర్లు, కొన్న తేదీ, ఏ ఏ తేదీలల్ల ఏ లోపానికి పోయినం, మనకు ఏం కావాలె. తెలుగుల రాసినా చెల్లుతది. పోస్టాఫీసుల రిజిస్టర్ పోస్టును 2025ల స్పీడ్ పోస్టుల కలిపిండ్రు, కాబట్టి స్పీడ్ పోస్టుల పంపి ముట్టిన రుజువు దాచుకోండ్రి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915, తెలుగుల మాట్లాడొచ్చు. చిన్న తకరార్లు చాలాసార్లు ఆ ఫోన్‌తోనే తెగుతయి. పెద్దవి తెగయి, కాని మనం అడిగినం అన్న నంబరు ఒకటి మిగులుతది.

ఇగ చట్టం. మన దేశంల లెమన్ లా అని వేరుగ ఏం లేదు. 1986ల వచ్చిన వినియోగదారుల రక్షణ చట్టం ఉండె, దాని జాగల 2019 చట్టం 2020 జూలై 20 నుంచి నడుస్తున్నది. పాత చట్టంల ఒక పెద్ద ఇబ్బంది ఉండె, కంపెనీ ఉన్న కాడనో, కొన్న కాడనో కేసు వెయ్యాలె. కొత్త చట్టంల మనం ఉన్న జిల్లాలనే వెయ్యొచ్చు. నాగ్‌పూర్‌ల కొన్నా, హైదరాబాద్‌ల కొన్నా, ఇచ్చోడ మనిషి ఆదిలాబాద్ జిల్లా వినియోగదారుల కమిషన్‌ల ఫిర్యాదు పెట్టుకోవచ్చు. నా లెక్కల ఈ చట్టంల మనసోంటి మూల ఊర్లకు అన్నిటికన్న ఎక్కువ పనికొచ్చే వాక్యం ఇదే. కట్టిన ధర 50 లక్షల దాక జిల్లా కమిషన్, దాని మీద రెండు కోట్ల దాక రాష్ట్ర కమిషన్, అంతకు మించితే ఢిల్లీల జాతీయ కమిషన్. ఫీజు ఐదు లక్షల దాక ఏమీ లేదు, పది లక్షల దాక 200 రూపాయలు, ఇరవై లక్షల దాక 400. వకీలు లేకుండ మనమే మాట్లాడుకోవచ్చు. వకీలు కావాలెనంటే ఎస్సీ, ఎస్టీలకు, ఆడోళ్లకు ఆదాయంతోటి పనిలేకుండ న్యాయసేవల సంస్థ ఉచితంగ ఇస్తది, దాని నంబరు 15100. మన గూడాలల్ల, తండాలల్ల ఉన్నోళ్లు ఈ సంగతి తెల్వక ఊకుంటున్నరు. ఫిర్యాదు మాత్రం లోపం బయటపడ్డ నాటి నుంచి రెండేండ్ల లోపల వెయ్యాలె. మూడు నెలల్ల, పరీక్ష అవసరమైతే ఐదు నెలల్ల తేల్చాలెనని చట్టం అంటది. నిజానికి ఎక్కువే పడుతది, ఆశపెట్టి పంపుడు నాకు ఇష్టం లేదు.

కమిషన్‌ల కంపెనీ వకీలు మొదలు అడిగే ప్రశ్న, ఈయన అసలు వినియోగదారుడేనా అని. వ్యాపారానికి కొంటే ఈ చట్టం రాదు. ట్రాక్టర్ కిరాయికి నడుపుతడు కదా, ఇది వ్యాపారమే అంటరు. దీనికి జవాబు చట్టంలనే ఉన్నది, బతుకుదెరువుకు తానే చేసుకునే పనికి కొంటే వినియోగదారుడే. సుప్రీంకోర్టు 1995ల లక్ష్మీ ఇంజినీరింగ్ కేసుల దీన్ని విడమరిచి చెప్పింది. ఆటో కొనుక్కుని తానే నడుపుకునేటోడు వినియోగదారుడు, నాలుగు బండ్లు కొని డ్రైవర్లను పెట్టి తిప్పేటోడు కాదు. రైతు గురించి 2012ల ఇంకో తీర్పు వచ్చింది, అది మన తెలుగు రైతులు వేసిన కేసే. నేషనల్ సీడ్స్ కార్పొరేషన్ విత్తనాలు సరిగ్గ మొలవలేదని, పంట రాలేదని వాళ్లు పోయిండ్రు. రైతులు వినియోగదారుల చట్టం కింద రారని, విత్తనం నమూనా పరీక్షకు పంపలేదని కార్పొరేషన్ వాదించింది. విత్తనాలన్నీ భూమిల పోసిన రైతు నమూనా ఎక్కడి నుంచి తెస్తడు అన్న సోయి కోర్టుకు ఉండె. రైతులే గెలిచిండ్రు. పత్తి ఏసే మనకు ఆ తీర్పు విత్తనం కాడ పనికొస్తది, ట్రాక్టర్ కాడ సుత రైతు వినియోగదారుడే అన్న మాటకు బలమైతది.

రెండో ప్రశ్న ఇంకా గట్టిది. ఇది తయారీ లోపమేనా, నడుపుడు లోపమా? రుజువు బరువు మామూలుగ మన మీదనే ఉంటది. నిపుణుడు చూసి రాసి ఇయ్యాలె, కమిషన్‌నే పరీక్షకు పంపుమని అడగొచ్చు. 2006ల ఒక మారుతి కారు కేసుల సుప్రీంకోర్టు ఏమన్నదంటే, వారంటీల చెడిన భాగం మార్చుతం అని ఉంటే భాగమే మార్చాలె, మొత్తం కారు మార్చుమనుడు కుదరదు అన్నది. క్లచ్ చెడితే క్లచ్. కాబట్టి కొత్త బండి ఇయ్యాలె అని మొదటి దినమే పట్టుపడితే కేసు బలహీనమైతది. కాని 2022ల ఇంకో తీర్పు వచ్చింది. ఒక హ్యుందాయ్ క్రెటా కారు ముంగట కొట్టుకుంటే గాలిసంచులు తెరుసుకోలేదు, నడిపేటాయనకు దెబ్బలు తగిలినయి. నిపుణుడి నివేదిక ఏది అని కంపెనీ అడిగింది. అంత గట్టిగ కొట్టుకున్నంక తెరుసుకోనిది తెరుసుకోలేదని కండ్ల ముందరనే ఉన్నది, ఇంకేం రుజువు కావాలె అన్నట్టే కోర్టు తేల్చింది. మూడు లక్షల పరిహారం, మారు బండి ఇయ్యాలె అన్న కింది తీర్పును ఉంచింది. అంటే ప్రాణానికి అడ్డం ఉండాలెనని పెట్టిన వస్తువు పని చెయ్యకపోతే లెక్క వేరే ఉంటది.

ఇప్పుడు మన రాష్ట్రపు పెద్ద కేసు చెప్త. హైదరాబాద్‌ల ఒక నిర్మాణ కంపెనీ 2009 సెప్టెంబర్ 25న బీఎండబ్ల్యూ సెవెన్ సిరీస్ కారు కొన్నది. నాలుగు దినాలకే, 29న, నడుస్తుంటే పెద్ద లోపం కనబడ్డదని వర్క్‌షాపుకు పంపిండ్రు. నవంబర్ 13న మళ్లా అదే తీరు. మూడు దినాలకు, నవంబర్ 16న, వాళ్లు ఫిర్యాదు పెట్టిండ్రు, వినియోగదారుల ఫోరంల కాదు, మోసం సెక్షన్ల కింద క్రిమినల్ కేసు. కేసు హైకోర్టుకు పోయింది. 2012 మార్చి 22న హైకోర్టు, ఇందుల మోసం లేదని కేసు కొట్టేసింది, కొట్టేస్తూనే పాతదాని జాగల కొత్త కారు ఇయ్యుమన్నది. కంపెనీ ఇస్తం, పాతది తెచ్చి కొత్తది తీసుకపోండ్రి అన్నది. కొన్నోళ్లు కారు వద్దు, వడ్డీతోటి పైసలు ఇయ్యండ్రి అన్నరు. మళ్లా సుప్రీంకోర్టు. 2024 జూలై 10న చీఫ్ జస్టిస్ డి.వై. చంద్రచూడ్ బెంచ్ తీర్పు చెప్పింది. మోసం కేసు కొట్టేసుడు సరైనదే, కాని కేసు కొట్టేసినంక కారు మార్చుమనుడు హైకోర్టు చెయ్యాల్సిన పని కాదు అన్నది. లొల్లి ఇక్కడితోటి తెగాలెనని కంపెనీ 50 లక్షలు ఆగస్టు 10 లోపల కట్టాలెనని ఆదేశించింది.

కారు కొన్నది 2009, పైసలు 2024. కొన్నోళ్లది పెద్ద కంపెనీ, వకీళ్లు పెట్టుకునే తాహతు ఉన్నది, అయినా పదిహేనేండ్లు. ఈ కథ చెప్పుకునేటప్పుడు చాలామంది 50 లక్షల కాడ ఆగిపోతరు. నాకు కనబడేది వేరే. మొదటిది, కోపంల పోలీస్ స్టేషన్ మెట్లెక్కుడు. అమ్మినాయన తెలిసి మోసం చేసిండని నిరూపించాలె అంటే, బండిల లోపం ఉన్నదని చూపుడు కన్న ఎంతో కష్టం. ఇచ్చోడల సుత ట్రాక్టర్ చెడితే మొదలు పోలీసుల దగ్గరికి ఉరికేటోళ్లున్నరు. రెండోది 2012ల ఇస్తమన్న కొత్త కారు. తీసుకుని ఉంటే పన్నెండేండ్లు నడిచేది. తీసుకోకపోవుడు తప్పా? అంత నమ్మకం పోయినంక అదే కంపెనీ బండి మళ్లా ఎక్కబుద్ధి కాకపోవచ్చు, నేను తప్పు పట్ట. కాని మన రైతుకు ఆ పన్నెండేండ్లు ఉండవు. కమిషన్‌ల మధ్యవర్తిత్వం అని ఒక దారి పెట్టిండ్రు, ఇద్దరూ ఒప్పుకుంటే అక్కడ కూసుని తెంపుకోవచ్చు. ఫిర్యాదు రాయకముందే ఇంట్ల కూసుని తేల్చుకోండ్రి, భాగం మారిస్తే చాలా, బండి మారాలెనా, పైసలు కావాలెనా, ఎంతకు ఆగుతం అని.

చివరగ, ఫిర్యాదు రాసేటప్పుడు ఎవరి మీద రాయాలె అన్నది. మొదలు చెప్పిన చేతుల సంగతి ఇక్కడ పనికొస్తది. డీలరు ఒక్కడి మీద వేస్తే ఆయన తయారీ నాది కాదు అంటడు. కంపెనీ ఒక్కదాని మీద వేస్తే సర్వీసు మాది కాదు అంటది. కాబట్టి అమ్మిన డీలరు, తయారుచేసిన కంపెనీ, లోపం ట్రాలీ కాడ ఉన్నదనుకుంటే ట్రాలీ కట్టినాయన, బ్యాటరీ అయితే బ్యాటరీ కంపెనీ, అందరినీ ఎదుటి పార్టీలుగ చేర్చాలె. తప్పు నీది అంటే నీది అని ఇన్ని దినాలు మన ముందర అనుకున్న మాటలు ఇప్పుడు కమిషన్ ముందర రాసి ఇయ్యాలె. ముప్పై దినాల్ల జవాబు ఇయ్యాలె, కమిషన్ ఇంకో పదిహేను దినాలే పొడిగించగలదు. 45 దినాలు దాటినంక వచ్చిన జవాబు తీసుకునే అధికారం లేదని 2020 మార్చిల సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. ఆ జవాబులు వచ్చినప్పుడు పక్కపక్కన పెట్టి చదవండ్రి. డీలరు రాసిన జవాబులనే కంపెనీ తప్పు, కంపెనీ జవాబులనే డీలరు తప్పు చాలాసార్లు దొరుకుతది.

బిల్లు, వారంటీ పుస్తకం, జాబ్ కార్డులు, పోస్టు రసీదులు ఒక సంచిల ఉన్నోళ్లు ఆన్‌లైన్‌ల ఈ-జాగృతి పోర్టల్ మీద సుత ఫిర్యాదు పెట్టుకోవచ్చు. ట్రాలీకి బిల్లు లేనోళ్లు మాత్రం ఇయ్యాలనే పోయి ఆ షెడ్డు ఆయన దగ్గర తేదీ వేసి రాయించుకోండ్రి, ఇంకా మాట మంచిగున్నప్పుడే.